ముందు పోయినవాళ్లకే మాఫీ

ఆండాళుకు పామంటే భయం లేదు. గుంటమగ్గంలో కాళ్లు పెట్టుకుని ముప్పై ఏళ్లు నేసిన మనిషికి పాము అప్పుడప్పుడూ వచ్చిపోయే చుట్టమే. చీకటంటే లేదు. అరిచేవాళ్లంటే అసలే లేదు. నూలు సేటు ఒకసారి నోరు పారేసుకుంటే తను అంతకు రెండింతలు పారేసుకుని, ధర కూడా తగ్గించుకుని మరీ వచ్చింది. ఆమెకు భయమల్లా ఆఫీసులో కుర్చీ చూపించి "కూర్చోండమ్మా" అనే మనిషంటేనే. నిలబెట్టి తిట్టేవాడు చివరికి ఏదో ఒక పని చేసిపెడతాడు, కూర్చోబెట్టి మర్యాద చేసేవాడు ముంచుతాడు, ఇదీ ఆమె లెక్క. భర్త కృష్ణయ్య గుండె ఆగిపోయిందని చెప్పిన డాక్టరు కూడా ముందు కుర్చీ చూపించాడు మరి.

నకిరేకల్‌కు ఆటో దూరంలో ఉన్న ఊరు వాళ్లది. కృష్ణయ్య పోయినప్పుడు పద్మశాలీల వాడంతా ఆమె షెడ్డు అమ్మేస్తుందనే అనుకున్నారు. కొందరైతే మగ్గాలకు బేరం కూడా చూసిపెట్టారు, పాపం, సాయం చేద్దామనే. ఆండాళు కర్మకాండలు ముగిసిన మర్నాడే షెడ్డు తలుపు తీసింది. కూతురు శ్రీలత అప్పుడు బడిలో ఉంది. ఆ షెడ్డే ఆ పిల్లను చదివించింది, ఇంటి మీద పెంకు నిలబెట్టింది, తన దగ్గర నేసే మరో ఏడెనిమిది ఇళ్లకు అన్నం పెట్టింది.

వాడలో అలాంటి షెడ్లు మూడు. ఒకటి ఆండాళుది. ఒకటి ఆమె బావ, అంటే కృష్ణయ్య అన్న, రామచంద్రయ్యది. మూడోది గుర్వయ్యది. చుట్టరికం పెద్దగా లేకపోయినా వరసకు మరిది అవుతాడు. ముగ్గురూ నేసేది ఒకటే, దుప్పట్లు. ముగ్గురికీ పెద్ద గిరాకీ ఒకటే, సర్కారు హాస్టళ్లకు ఏటా పిలిచే టెండరు. పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుని తింటారు, టెండరు రోజుల్లో ఎదురుపడితే దగ్గు వచ్చినట్టు ముఖం తిప్పుకుంటారు. కానీ ఒకటి చెప్పాలి. గంజి పట్టించిన పడుగును, అంటే మగ్గానికి ఎక్కించే నిలువు దారాలను, ఎవరైనా వీధిలో సాచితే మాత్రం పగవాడైనా వచ్చి పట్టాల్సిందే. ఎండెక్కకముందే దువ్వి ఆరబెట్టాలి, పదిమంది చేతులు లేకపోతే దారాలన్నీ అతుక్కుని మొత్తం పాడవుతుంది. పడుగు పట్టను పొమ్మన్నవాడు ఆ వాడలో ఇంతవరకు పుట్టలేదు.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో ఒక ఏడు గుర్వయ్య ఎలాగైనా టెండరు కొట్టాలని ధర మరీ కిందికి దించాడు. కొట్టాడు కూడా. టపాసులు కాల్చాడు. ఆ తర్వాత నూలు ధర పెరిగింది. నేసిన ప్రతి దుప్పటీ ఇంట్లోంచి ఎదురు పెట్టుకుని నేసినట్టే అయింది. కూలీలకు ముఖం చూపించలేక ఒకరోజు మధ్యాహ్నం రంగులో కలిపే మందు తాగాడు.

నల్గొండ దవాఖానకు ట్రాలీ ఆటోలో తీసుకుపోతుంటే అతని తల ఆండాళు ఒళ్లోనే ఉంది. దారి పొడవునా అతను ఏదో చెప్పబోవడం, నోట్లోంచి మాటకు బదులు నురగ రావడం ఆమె చూసింది. బతికాడు గానీ గొంతు కాలిపోయింది. అప్పటి నుంచి అతనిది గుసగుసే. అన్నం మెత్తగా పిసికి పెడితేనే దిగుతుంది. భార్య నాగరాణి పిసికి పెడుతుంది.

అతను ఇంటికొచ్చిన వారానికి రామచంద్రయ్య ఇద్దరినీ తన ఇంటికి పిలిచాడు. ఇట్ల ఒకరి గొంతు ఒకరం కోసుకుంటే ముగ్గురం పోతామన్నాడు. ఆ పూట రెండు మాటలు అనుకున్నారు. మొదటిది, రంగుల పని ఎవరింట్లో వాళ్లు చేసుకోకుండా ముగ్గురికీ కలిపి ఒకే అద్దకం షెడ్డు వేసుకోవాలి, నూలు ఒకే లారీలో తెప్పించుకోవాలి. రెండోది, టెండరు వంతుల ప్రకారం తీసుకోవాలి. ఈ ఏడు ఎవరి వంతో వాళ్లు ఒక ధర వేస్తారు, మిగతా ఇద్దరూ దానికి పైన వేస్తారు. గెలిచినవాళ్లు పనిని మూడు షెడ్లకూ పంచాలి. చెరువు నీళ్లకు వంతు లేదా, గుడిలో పూజకు వంతు లేదా, దీనికి మాత్రం ఎందుకుండకూడదు అన్నాడు. ఒకే చాప మీద, ఒకే కెటిల్ చాయతో అయిపోయిన ఈ రెండు మాటల్లో ఒకటి చట్టం మెచ్చుకునేదనీ, ఇంకోటి చట్టం ఉరిమేదనీ అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తెలియదు. ఆండాళుకైతే ఆ రోజు కడుపు చల్లగా అనిపించింది. గుర్వయ్య ఇక మందు తాగడు, అంతే ఆమెకు కావలసింది.

చాలా ఏళ్లు బాగానే సాగింది. సాగిందని ధీమా కూడా పెరిగింది. టెండర్లు కంప్యూటరులో వేసే పద్ధతి వచ్చాక ముగ్గురూ కలిసి నకిరేకల్‌లో ఒకే నెట్ సెంటరుకు పోయేవాళ్లు. ఒకే ఆటో, ఒకే కంప్యూటరు, ఒకరి తర్వాత ఒకరు. ఒకరి ధరకూ ఇంకొకరి ధరకూ సరిగ్గా రూపాయి తేడా. బ్యాంకులో డీడీలు కూడా ఒకే కిటికీ దగ్గర వరసగా తీయించేవాళ్లు. దొంగతనం చేసేవాడు కనీసం చెప్పులు చేత పట్టుకుంటాడు. వీళ్లు డప్పు కొట్టుకుంటూ పోయారు. ఎందుకంటే అది దొంగతనమని వాళ్ల మనసులో లేదు. నూలు ఒకే లారీలో తెచ్చుకున్నట్టు టెండరు కూడా ఒకే ఆటోలో పోయి వేసుకుంటున్నారు, ఖర్చు కలిసొస్తుంది కదా అని రామచంద్రయ్య మురిసిపోయేవాడు కూడా.

హాస్టళ్ల ఆఫీసుకు కొత్తగా వచ్చిన అధికారి ఎవరో ఆ మూడు టెండర్లనూ పక్కపక్కన పెట్టి చూశాడు. తర్వాత కొన్నాళ్లకు ఢిల్లీలో పోటీ చట్టం చూసే కమిషన్ నుంచి, టెండర్లలో కుమ్మక్కయ్యారని ముగ్గురికీ నోటీసులు వచ్చాయి.

ఆ రోజు నుంచి ఆండాళుకు భయం పట్టుకుంది. మామూలు భయం కాదు. నోట్లో పెట్టిన ముద్ద తిరుగుతుంది గానీ దిగదు. వీధిలోకి తెల్ల కారు వస్తే మగ్గం మీద చెయ్యి ఆగిపోతుంది. ఎవరో పెళ్లి కార్డు ఇవ్వడానికి వచ్చి "ఆండాళు గారిల్లు ఇదేనా" అంటే కాదని చెప్పి పంపేసింది. తర్వాత ఆ పెళ్లికి పోలేక ముఖం చాటేసింది. షెడ్డు పోతుంది, ఇల్లు పోతుంది, ఈ వయసులో ఇంకొకరి మగ్గం మీద కూలికి కూర్చోవాలి అనే ఆలోచన పొద్దున లేవగానే కాళ్ల దగ్గర నిలబడి ఉండేది.

శ్రీలత హైదరాబాద్‌లో ఒక ఆడిటరు దగ్గర పని చేస్తుంది. తనకు తెలిసిన మంజులత అనే లాయరమ్మను అడిగి తల్లికి ఫోనులో విషయం చెప్పింది. రుజువైతే జరిమానా లాభం మీదే కాదు, మొత్తం వ్యాపారం మీద కూడా వేయొచ్చట, అదీ ఎన్నేళ్లు చేస్తే అన్నేళ్లకు. అయితే ఒక దారి ఉందమ్మా అంది శ్రీలత. ఇట్లా కుమ్మక్కైనవాళ్లలో ముందుగా పోయి అన్నీ ఒప్పుకుని, కమిషన్‌కు తెలియనివి కూడా చెప్పినవాళ్లకు మొత్తం మాఫీ కావొచ్చు. రెండోవాళ్లకు సగం దాకా తగ్గొచ్చు. మూడోవాళ్లకు ఇంకా తక్కువ.

"ముందు అంటే?"

"ముందు అంటే ముందేనమ్మా. ఒక్కళ్లే."

ఆ మాట విన్నాక ఆండాళు భయం ఇల్లు మారింది. అంతకుముందు ఢిల్లీ అంటే భయం. ఇప్పుడు వాడ అంటే భయం. రామచంద్రయ్య బావకు ఈ సంగతి తెలుసా? గుర్వయ్యకు? తెలిస్తే పోతారా? పోయారా? అద్దకం షెడ్డులో ముగ్గురూ కలిసి నూలు ముంచుతుంటే ఎవరూ ఆ మాట ఎత్తరు. ఎత్తకపోతే ఒక భయం, ఎత్తితే ఇంకో భయం. అడకత్తెరలో పోకచెక్క అంటారే, అలా ఉంది ఆమె పని.

అలాంటి రోజుల్లో ఒక ఉదయం బస్టాండులో రామచంద్రయ్య కనిపించాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో సంచి, హైదరాబాద్ బస్సు ఎక్కుతున్నాడు. మనిషి పెళ్లికి కూడా ఇస్త్రీ చొక్కా వేయడు. ఆండాళు అరటిపండ్ల బండి వెనక్కి జరిగింది. బావ ఆమెను చూశాడు. చూసి కూడా చూడనట్టు తల తిప్పుకున్నాడని ఆమెకు అనిపించింది. ఆ మధ్యాహ్నం ఆమె అన్నం తినలేదు.

ఆ వచ్చే సోమవారం ఆమె షెడ్డులో పడుగు గంజి పట్టించి సాచే రోజు. వారం ముందే అనుకున్నది, ఆపడానికి లేదు. తెల్లవారకముందే గుర్వయ్య ఇంటికి పోయి, బీపీ ఎక్కువైంది, హైదరాబాద్ దవాఖానలో చూపించుకుంటా, పడుగు జర చూసుకోమని చెప్పింది. బయటికి వచ్చిన నాగరాణి ఆమె ముఖం చూసి నిజంగానే బాగాలేదనుకుంది. భయంతో అంత పీక్కుపోయి ఉంది ముఖం. ఫికర్ చేయకక్కా, మేము పడతం, నువ్వు మంచిగ చూపించుకో అంది. బస్సు ఊరు దాటేటప్పుడు కిటికీలోంచి చూస్తే, వీధి పొడవునా సాచిన తెల్లటి పడుగుకు ఒక చివర గుర్వయ్య, ఇంకో చివర నాగరాణి నిలబడి ఉన్నారు. ఆండాళు కొంగు ముఖం మీదికి లాక్కుంది.

మంజులత గారు కుర్చీ చూపించి, కూర్చోండమ్మా అంది. ఆండాళుకు అక్కడే సగం ప్రాణం పోయింది.

లాయరమ్మ చెడ్డ మనిషేం కాదు. ఓపికగా అన్నీ విడమరచి చెప్పింది. పోటీదారులు కలిసి పని చేయడమే తప్పని చట్టం అనదట. కలిసి నూలు కొంటే, కలిసి అద్దకం షెడ్డు పెట్టుకుంటే, ఖర్చు తగ్గి సరుకు బాగుపడితే, ఆ మేలు కొనేవాడికీ అందితే దాన్ని చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఎవరు ఎంత ధర వేయాలి, ఎవరు గెలవాలి అని ముందే మాట్లాడుకుంటే ఇక వేరే సాక్ష్యం అడగకుండానే పోటీని దెబ్బతీశారనే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే అంది.

మేము ఏ కాగితం రాసుకోలేదమ్మా, నోటిమాటే అంది ఆండాళు.

"నోటిమాట కూడా అక్కర్లేదమ్మా. ఒకరి ముఖం ఒకరు చూసుకుని తల ఊపినా ఒప్పందమే."

ఆండాళు ధైర్యం చేసి అడగాల్సింది అడిగింది.

"ముగ్గురం గలిసొచ్చి ఒప్పుకుంటే గాదా మేడం? ముగ్గురం గలిసే చేసినం గద."

కాదంది లాయరమ్మ. ఎవరికి వాళ్లే రావాలి, వరసలో ఎవరి స్థానం వాళ్లదే. మీరు వచ్చినట్టు వాళ్లకు చెప్పకూడదు కూడా అంది. ఆండాళుకు గుర్వయ్య గుర్తొచ్చాడు. తను ఇది చేస్తే అతను ఏం చేసుకుంటాడో అన్న ఆలోచన వచ్చింది, వచ్చి గుండెల మీద కూర్చుంది. దాని వెనకే ఇస్త్రీ చొక్కా వచ్చింది. ఈ గంటలో, ఈ ఊర్లోనే, ఇంకో లాయరు ముందు బావ కూర్చుని ఉంటే? పక్కనే కూర్చున్న శ్రీలత చూపించిన చోటల్లా సంతకం పెట్టింది. వంతుల సంగతి, నెట్ సెంటరు, డీడీలు, రామచంద్రయ్య అన్న మాటలు, అన్నీ చెప్పింది. గుర్వయ్య మందు తాగిన సంగతి కూడా చెప్పబోతే, ఇది కేసుకు అవసరం లేదమ్మా అంది మంజులత గారు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి పడుగు చుట్టి, షెడ్డులో ఎత్తైన చోట పెట్టి ఉంది. ఒక్క దారం కూడా తెగలేదు. నాగరాణి వచ్చి డాక్టరు ఏమన్నాడని అడిగింది. మందులు రాసిచ్చాడని ఆండాళు చెప్పింది.

బుధవారం రామచంద్రయ్య ఇద్దరినీ అద్దకం షెడ్డుకు పిలిపించాడు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. హైదరాబాద్‌లో కంటి ఆపరేషన్ చేయించుకున్నాడట, ఇంకా వెలుతురు చూడలేడు. అందుకా పోయాడు ఆ రోజు! ఆండాళు రంగు తొట్టి అంచు పట్టుకుని కూర్చుంది.

రామచంద్రయ్య గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. దవాఖానలో పక్క మంచం మీదున్న ఒక రిటైర్డు ఉద్యోగి అతనికి ఈ చట్టం గురించి అంతా చెప్పాడట. ముందు పోయి ఒప్పుకున్నవాళ్లకు మాఫీ. ఒక్కళ్లకే. నేను మూడు దినాలు మంచం మీద పండుకొని ఇదే ఆలోచన చేసిన అన్నాడు. దొంగచాటుగ ఎవరం పోవద్దు, ముగ్గురం కూసోని ఎవరు పోవాల్నో అనుకుందాం. పద్ధతి ప్రకారమైతే వచ్చే ఏడు గుర్వయ్య వంతు, కాబట్టి ముందు పోయే హక్కు గుర్వయ్యదే.

చూడండి, వంతులు వేసుకోవడమే నేరమని ఢిల్లీ నుంచి నోటీసు వస్తే, ఆ నేరం ఒప్పుకోవడానికి కూడా వంతు వేస్తున్నాడు ఈ మనిషి. లాయరమ్మ వింటే నవ్వాలో తల బాదుకోవాలో తెలిసేది కాదు. ఆండాళుకు మాత్రం నవ్వు రాలేదు.

గుర్వయ్య తల అడ్డంగా ఊపాడు. మాట వినిపించాలని కొంచెం ముందుకు వంగాడు.

"నాకొద్దు అన్నా. వదినెను పోనియ్యి. మనం మొగోళ్లం, ఎట్లనన్న నెట్టుకొస్తం. ఆమెకు ఎవరున్నరు? ఆడిపిల్లతోని ఒక్కతి ఈడ్సుకొస్తుంది. ఆమె షెడ్డు నిలవాలె."

నేను గూడ గదే జెప్దామనుకున్న అన్నాడు రామచంద్రయ్య. ముందు నువ్వే పో ఆండాళు, నీ వెనక గుర్వయ్య పోతడు, ఆఖరికి నేను. నాకు పడితే పడనియ్యి, నా కొడుకు శ్రవణ్ ఉద్యోగం చేస్తుండు గద, సూసుకుంటడు.

ఆండాళు వాళ్లిద్దరి ముఖాలూ చూసింది. ఊరికే తల ఊపితే చాలు. రేపు హైదరాబాద్ పోయొచ్చానని చెబితే ఎవరికీ అనుమానం రాదు. పైగా చెప్పొద్దని లాయరమ్మ ఆజ్ఞ ఉండనే ఉంది. ఇంత సులువుగా తప్పించుకునే దారి దేవుడు ఎవరికీ ఇవ్వడు. కానీ బావకు సగం కనిపించని కళ్లు, మరిదికి సగం వినిపించని గొంతు, ఇద్దరూ తన నోటి వైపే చూస్తున్నారు.

"నేను పోయొచ్చిన బావా. సోమవారమే పోయొచ్చిన. దవాఖానకు గాదు."

రామచంద్రయ్యకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక కళ్లద్దాలు తీసి, వెలుతురుకు కళ్లు చికిలించి ఆమెను చూశాడు, మళ్లీ పెట్టుకున్నాడు. నువ్వు హైదరాబాద్ బస్సు ఎక్కుతుంటే సూసి భయపడ్డ బావా అని ఆమె ఏదో చెబుతూనే ఉంది. గుర్వయ్య లేచి, భుజం మీద కండువా సర్దుకుని బయటికి పోయాడు.

ఆ ట్రాలీ ఆటో, ఒళ్లో ఆ తల, ఆ నురగ, అన్నీ ఒక్కసారి ఆండాళు మీద పడ్డాయి. చెప్పులు కూడా వేసుకోకుండా లేచి పరుగెత్తింది. యాభై దాటిన ఆడమనిషి వీధిలో కొంగు జారిపోతుంటే పరుగెత్తడం చూసి అరుగుల మీద వాళ్లు ఏమైంది ఏమైంది అని లేచారు. ఆమె ఎవరికీ జవాబు చెప్పలేదు. దేవుడా, వాడు బతికుంటే చాలు, నా షెడ్డు పోనీ, ఇల్లు పోనీ అని మొక్కుకుంది. ఆ మొక్కు సోమవారం ఎందుకు మొక్కలేదో ఆమెకే తెలియాలి.

గుర్వయ్య ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపల పీట మీద కూర్చుని ఉన్నాడు. నాగరాణి కంచంలో అన్నం పిసుకుతోంది, ఆమెకు ఇంకా ఏమీ తెలియదు. ఆండాళు గడప దగ్గర దర్వాజ పట్టుకుని నిలబడిపోయింది. ఊపిరి అందడం లేదు.

ఏంది అక్కా, గట్ల ఉరికొచ్చినవు అంది నాగరాణి.

గుర్వయ్య ఆండాళు వైపు తిరిగాడు. కోపంగా లేడు. కోపంగా ఉంటే బాగుండును.

"మల్ల మందు తాగుతనని ఉరికొచ్చినవా వదినె?"

ఆమె తల ఊపింది.

"సోమవారం పోయేటప్పుడు రాలేదా ఈ భయం?"

అబద్ధం చెప్పొచ్చు. అప్పుడు గుర్తు రాలేదు మరిదీ, బుద్ధి గడ్డి తిన్నది అంటే నమ్ముతాడు కూడా. నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాడు, అది అతని ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"వచ్చింది గుర్వయ్యా" అంది ఆండాళు. "వచ్చినా పోయిన."

నాగరాణి చెయ్యి కంచంలో ఆగిపోయింది. గుర్వయ్య కంచం తన ముందుకు లాక్కున్నాడు. లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. అతను చిన్న చిన్న ముద్దలు ఒక్కొక్కటీ కష్టపడి మింగుతుంటే ఆండాళు గడప బయట నిలబడి చూస్తూ ఉంది.